హాల్టు ఏజెంటు ఎలీయాజరు

కలకత్తా పక్క బడ్జ్ బడ్జ్ రైలు లైన్లో మా బకుల్‌డాంగాకి ఇవాళ లేనిదంటూ లేదు. రెండు ప్లాట్‌ఫారాలు, వాటి మీద వంతెన, పన్నెండు బోగీల పొడవునా కప్పు, రైలు ఎంత ఆలస్యమో మూడు భాషల్లో చెప్పే బోర్డు. స్టేషన్ని చూసుకుని బిల్డర్లు చెరువులు పూడ్చి ఫ్లాట్లు లేపారు. ఇదంతా ఎవరి చలవ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో నాయకుడి పేరు చెబుతారు. ఎలీయాజరు పేరు చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మనుషులకి మేలు గుర్తుండదు. రోజూ లోకల్ పట్టుకునే మనుషులకైతే అసలే ఉండదు.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఇది ఉత్త హాల్టు. ఒక మట్టిదిబ్బ, దాని మీద రేకుల గది, గదిలో ఎలీయాజరు. హాల్టులో రైలు ఆగుతుంది గాని రైల్వే ఉద్యోగి ఉండడు. టికెట్లు అమ్మే పని బయటివాడికి కమిషన్ మీద అప్పగిస్తారు. ఆ బయటివాడే ఈయన. శ్రీకాకుళం నుంచి వచ్చి జూట్ మిల్లులో అరిగిపోయిన తండ్రికి పుట్టినవాడు. లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బావమరుదులు క్వార్టర్లో ఫ్యాను కింద కూర్చుని "మా రైల్వే" అంటుంటే ఈయన తల వంచుకుని చేపముళ్ళు ఏరుకునేవాడు. ఎప్పటికైనా తానూ ఆ మాట అనాలి. ఆయన బతుక్కి ఉన్న కోరికల్లా అదొక్కటే.

ఆ కోరికకి గాలి ఊదినవాడు కామేష్ గారు. బ్యాంకులో ఆఫీసరు, కొత్త ఫ్లాట్లలోకి దిగి ప్రయాణికుల సంఘానికి సెక్రటరీ అయిపోయాడు. ఒకరోజు రేకుల గది దగ్గరకి వచ్చి, "హాల్టుని స్టేషన్ చెయ్యాలంటే టికెట్ల అమ్మకం చూపించాలండీ. అమ్మకం మీరు పెంచండి. అర్జీల సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

"టేషన్ అయితే నా సంగతేటండి బాబూ?" అన్నాడు ఎలీయాజరు.

"ఇన్నేళ్ళు చేసినవాణ్ణి రైల్వే వదులుకుంటుందా? ముందు తీసుకునేది మిమ్మల్నే."

ఆ మాట పట్టుకుని ఎలీయాజరు జనం మీద పడ్డాడు. మా హాల్టులో టికెట్టు కొనడమంటే చేతగానితనం కింద లెక్క. ఈయన దిబ్బ ఎక్కే దారికి అడ్డంగా నిలబడి, "టికెట్టు తియ్యండి దాదా, మన టేషన్ కోసం తియ్యండి," అని బతిమాలేవాడు, తిట్టేవాడు, సందు చివరిదాకా వెంటపడేవాడు. ఇంట్లో చావు జరిగి శ్మశానం నుంచి తిరిగొస్తున్నవాళ్ళని కూడా వదల్లేదు. జనం ఆయనకి 'టికిట్ భూత్' అని పేరు పెట్టారు. ఎవరో ఒకసారి కిటికీలోంచి ఆయన అన్నం డబ్బాలో ఇసుక పోశారు. ఇసుక దులుపుకుని తిన్నాడు గాని పట్టు వదల్లేదు.

అమ్మకం తగ్గిన నెలల్లో తన కమిషన్ పెట్టి తానే టికెట్లు కొనేవాడు. ఎవరూ ఎక్కని రైళ్ళకి కొన్న ఆ టికెట్లని ఇంటికి తెచ్చి పొయ్యిలో పడేసేవాడు.

"మన కూడే పొయ్యిలో ఏస్తన్నావు. నీకు మతుందా?" అనేది భార్య జెరూషా.

"ఇత్తనం ఏస్తన్నానే. ఇత్తనం ఏసినోడు కోతకి ఎదురుసూడాల."

కోత వచ్చింది. హాల్టుని స్టేషన్ చేస్తూ ఉత్తర్వు వచ్చిన ఆదివారం, చర్చిలో సాక్ష్యాల వేళ ఎలీయాజరు లేచి నిలబడ్డాడు. "దేవుడు నన్ను రైల్వేలో పెట్టినాడు," అన్నాడు. పెడతాడని కాదు, పెట్టాడని. అడిగినది అందిందని నమ్మి ముందే స్తోత్రం చెల్లించడమే విశ్వాసమని వాళ్ళకి నేర్పారు. సంఘమంతా హల్లెలూయా అంది. జెరూషా ఏడుస్తూ కృతజ్ఞత కానుక వేసింది. లిలువా బావమరుదులు వచ్చి మొదటిసారి బావగారితో చెయ్యి కలిపారు.

ప్రారంభోత్సవం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రేకుల గది తాళంచెవి పట్టుకుని వచ్చాడు. కొత్త బుకింగ్ క్లర్కు కుర్రవాడు, మర్యాదస్తుడు. తాళంచెవీ మిగిలిన టికెట్లూ తీసుకుని, సంతకం పెట్టించుకుని, ఇక వెళ్ళి రండి అన్నాడు.

"మరి నా పని?"

"హాల్టే లేనప్పుడు ఏజెంటు ఎందుకు దాదా?"

అందులో ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. స్టేషన్ అంటే ఉద్యోగులు, ఉద్యోగులంటే పరీక్షలు. పరీక్ష రాసే వయసు ఎలీయాజరుకి ఏనాడో దాటిపోయింది. ఈ సంగతి చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. అందరికంటే బాగా కామేష్ గారికి తెలుసు. వేదిక మీద శాలువా కప్పించుకుని కిందికి దిగుతున్న ఆయన్ని ఎలీయాజరు మెట్ల దగ్గర ఆపాడు.

"తమరు సెప్పినారు గదా బాబూ."

"అది ఏదో మాటవరసకి అన్నానండీ. నేనేమన్నా రైల్వే మంత్రినా?"

ఎలీయాజరు మళ్ళీ జనం దగ్గరకే పోయాడు. తనకేదైనా పని ఇమ్మని సంతకాలు పెట్టండని ప్లాట్‌ఫారం మీద అడుక్కున్నాడు. "ఇన్నాళ్ళూ మా చేత కొనిపించావు, ఇప్పుడు నువ్వు కొనుక్కో దాదా," అన్నాడొకడు. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. రైలొచ్చింది. నవ్వుకుంటూనే ఎక్కి వెళ్ళిపోయారు.

చర్చిలో ఇంకా ఘోరం. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఎవరికీ తెలియదు. దేవుడి మాట తప్పదు, లోపం ఎక్కడో మనిషిలోనే దాగి ఉంటుంది అని పాస్టరుగారు పేరు ఎత్తకుండా ప్రసంగించారు. తలలన్నీ వీళ్ళ బల్లవైపు తిరిగాయి. లిలువా నుంచి రాకపోకలు ఆగిపోయాయి. జెరూషా ఫ్లాట్లలో అంట్లు తోమడానికి కుదిరింది.

రేకుల గది కూలగొట్టిన చోట ప్రయాణికుల కోసం మరుగుదొడ్లు కట్టారు. వాటిని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరుకి గుమ్మం దగ్గర కూర్చుని చిల్లర వసూలు చేసే మనిషి కావాల్సి వచ్చాడు. "జనం నీకు తెలుసు, డబ్బులు కక్కించడం తెలుసు. నీకంటే తగినవాడు ఎవడు?" అని ఎలీయాజరుని పిలిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒప్పుకోకయ్యా అన్నాను.

"టేషన్లోనే గదా బాబూ," అన్నాడాయన.

ఇంట్లో కూడా అంతే చెప్పాడు, టేషన్లో పని అని. పాపం జెరూషా పొంగిపోయింది. మా ఆయన్ని రైలోళ్ళు ఒగ్గీనేదు అని వీధంతా చెప్పుకుంది. తాను తోమే ఇళ్ళలోనూ చెప్పింది. ఆ ఫ్లాట్లవాళ్ళందరూ ఆయన్ని ఆ గుమ్మం దగ్గర చూసినవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని విన్నారు.

ఒక మధ్యాహ్నం జెరూషా అన్నం డబ్బా పట్టుకుని స్టేషన్‌కి వచ్చింది. బుకింగ్ కౌంటర్లో వెతికింది, వంతెన కింద వెతికింది. చివరికి మరుగుదొడ్ల ముందు ఒక చిన్న బల్ల, బల్ల మీద చిల్లర, పక్కన ఫినాయిల్ బకెట్టు, చేతిలో చీపురుతో భర్త. కడిగేవాడు రానిరోజు కడగడం కూడా ఆయనే. ఆవిడ డబ్బా బల్ల మీద పెట్టలేదు. దూరంగా నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జెరూషా తల్లి మిల్లు కూలీల ఇళ్ళ వరసల్లో పాకీదొడ్లు ఎత్తిన మనిషి. ఆ తల్లిని ఏ ఇంటివాళ్ళూ గడప ఎక్కనివ్వలేదు. ఆ బతుకులోంచి బయటపడ్డానని, రైల్వే మొగుడితో ఇంకా పైకి పోతానని నమ్ముకున్న మనిషి జెరూషా. నాకు కారణం తెలుసు, జాలీ ఉంది. అయినా ఆ సాయంత్రం నేను చూసినది క్షమించలేకపోతున్నాను.

పలకరిద్దామని వెళ్ళేసరికి ఎలీయాజరు పని నుంచి వచ్చి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"అక్కడే కూకో," అంది జెరూషా లోపల్నుంచి.

"సబ్బు రాసుకునే వచ్చినానే."

"నువ్వెంత రాసినా నాకు తెలస్తాది."

ఆయన నావైపు చూడకుండా గడప బయట నేల మీద కూర్చున్నాడు. ఆవిడ ఒక విడి కంచాన్ని కాలితో ఆయన ముందుకి తోసి, అన్నం పైనుంచి వేసి, తలుపు దగ్గరగా వేసుకుంది.