జైలు గేటు నుంచి రక్తపరీక్ష దాకా

ఆ ఏళ్లలో నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న సంస్థలో పని చేసేదాన్ని. వారానికోసారి కడప జైలుకు పోయి, విడుదలకు దగ్గరపడిన ఆడవాళ్లతో మాట్లాడాలి. వాళ్లు బయటికి వచ్చిన రోజే ఆసుపత్రికి తీసుకుపోయి హెచ్‌ఐవి పరీక్ష చేయించాలి. ఆ రోజే ఎందుకంటే, అంతకుముందు ఒకామె ఇంటికి పోయి పిల్లల్ని చూసుకుని సోమవారం వస్తానంటే సరేనన్నాను. ఆమె వచ్చింది ఏడాది తర్వాత. అప్పటికి భర్త జబ్బు ఆమెకూ అంటుకుంది.

ఇప్పుడు చెప్పేది ఇంకొకామె సంగతి. పుట్టిల్లు పులివెందుల, మెట్టినది జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. భర్త, ఊర్లో అందరూ 'అన్న' అని పిలిచే నాయకుడి వెంట తిరిగే మనిషి. పోలీసులు సోదా చేస్తే వాళ్ల గడ్డివాములో నాటుబాంబుల బకెట్టు దొరికింది. భర్త గోడ దూకి పారిపోయాడు. ఇంట్లో ఉన్నందుకు ఈమెను పట్టుకుపోయారు. తర్వాత అతనూ లొంగిపోయాడు గానీ, నాయకుడు పెట్టిన లాయరు అతనికే ముందు బెయిలు తెచ్చాడు. ఈమెకు బెయిలు వచ్చేసరికి పది నెలలు పట్టింది.

చివరి నెలలో భర్త చూడటానికి వచ్చి, తన రక్తంలో హెచ్‌ఐవి ఉందని చెప్పి ఏడ్చాడట. ఆ మాట ఆమె నాకొక్కదానికే చెప్పింది.

"ఈడ పరీక్ష వద్దక్కా. ఈడ తుమ్మినా జైలంతా తెలుస్తాది. అన్న మనుషులకు తెలిస్తే మా ఆయప్పను ఆ గడప తొక్కనీరు."

విడుదల రోజు పొద్దున్నే పోయి గేటు దగ్గర నిలబడ్డాను. అప్పటికే నాయకుడి పార్టీ జెండా కట్టిన జీపు ఒకటి ఆగి ఉంది. నలుగురు మగవాళ్లు, ఒకరి చేతిలో బంతిపూల దండ. ఎన్నికలు దగ్గరపడ్డాయి. పది నెలలైనా నోరు విప్పని మనిషిని ఊరేగించాలని వచ్చారు.

ఆమె వైరు సంచితో బయటికి వచ్చింది. దండ వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాకు ప్రొద్దుటూరులో పనుంది" అని వాళ్లతో చెప్పి బస్సుల వైపు నడిచింది. గేటు దగ్గర పోలీసులు ఉన్నారు కాబట్టి ఆ నలుగురూ ఆమెను ఆపలేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. జీపు వస్తోంది.

కమలాపురం దాటగానే జీపు ముందుకొచ్చి అడ్డం నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులో అందరూ తలలు వంచుకున్నారు. దండ పట్టుకున్నతను లోపలికి ఎక్కాడు.

"దిగు వదినా. ఊర్లో తప్పెట్లు పెట్టించి కాచుకోనుండారు."

"చెప్పినా గదప్పా, ఆసుపత్రికి పోవాల."

"ఏం రోగమని? ఈయమ్మ ఎవురు?" అని నా వైపు తిరిగాడు. "ఆ సంచి ఇట్లియ్యి."

నా సంచిలో మా సంస్థ ముద్ర ఉన్న హెచ్‌ఐవి పరీక్ష కార్డు, కండోమ్ ప్యాకెట్లు ఉన్నాయి. అవి చూస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఆడవాళ్ల జబ్బని చెప్పాలని దారంతా అనుకుంటూనే వచ్చాను. తీరా అడిగేసరికి సంచిని పొట్టకు అదుముకున్నాను.

ఆమె లేచి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"సంచి మీద చెయ్యేస్తే బాగుండదు. బాంబులు నా వాములో దాచేటప్పుడు నన్నడిగినారా? పది నెలల్లో మీ పేరు ఒక్కటన్నా చెప్పినానా? ఇంగ చెప్పమంటావా? బండి పక్కకు తీపిచ్చు."

ముందు సీట్లోని ముసలి సాయిబు అప్పుడు తలెత్తాడు. "ఆసుపత్రికి పోయే ఆడకూతుర్ని ఆపుతారేందప్పా" అన్నాడు మెల్లగా.

దండ పట్టుకున్నతను దిగిపోయి జీపు పక్కకు తీయించాడు. జీపు ఎర్రగుంట్ల దాకా మా వెనకే వచ్చి, అక్కడ జమ్మలమడుగు దారి పట్టింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆమె రక్తం ఇచ్చాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

"ఉంటే ఏం జేయాల?" అంది.

"మందులుంటాయి. నేను తోడుంటా."

"లేకుంటే?"

"ఇక ముందు కూడా రాకుండా చూసుకోవాలి."

గంట తర్వాత లేదని చెప్పారు. "ఇంగోసారి చెప్పక్కా" అని నాతో రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నర్సు, భర్తతో కాపురం ఎలా చేయాలో, కండోమ్ ఎందుకు మానకూడదో అంతా వివరించింది. ఆమె విని, "ఆయప్ప ఒప్పుకోకుంటే?" అంది. నర్సు నా వైపు చూసింది.

"ఒప్పుకునేదాకా మీ అమ్మ దగ్గరుండు" అన్నాను. ఆ సాయంత్రమే ఆమెను పులివెందుల బస్సెక్కించాను.

ఎనిమిది రోజులకు భర్త, ఎవరూ గుర్తుపట్టకుండా తలకు తువ్వాలు చుట్టుకుని పులివెందుల పోయాడు. ఆమె ఇంట్లోకి రానివ్వకుండా, అట్నుంచి అటే మా దగ్గరికి పిలుచుకొచ్చింది. అతను కుర్చీ అంచున కూర్చుని, నేల చూస్తూ, "నాది దానికి అంటకూడదు మేడం. ఏం జేయాల్నో చెప్పండి" అన్నాడు.

అతనికి మందులు మొదలుపెట్టించాం. అతను ఆ జీపు వెంట తిరగడం మానేశాక నాయకుడు కబురు పెట్టడం మానేశాడు. ఇద్దరూ వేంపల్లెకు మారి కూరగాయల అంగడి పెట్టుకున్నారు. నేను ఆ ఉద్యోగం వదిలేదాకా ఆమె కొన్ని నెలలకోసారి పరీక్షకు వస్తూనే ఉంది. ప్రతిసారీ లేదనే వచ్చింది. ప్రతిసారీ ఆ కాగితం చేతికి వచ్చేదాకా నేను ఆమె పక్కన ఆ బెంచీ మీదే కూర్చునేదాన్ని.