నిద్ర పట్టని పాలెగాడు

మా నాటకాల అయ్యవారు పోయారని మొన్న మంగళవారం వడమాలపేట నుంచి బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. నేను తిరుపతిలో పాఠం మధ్యలో ఉన్నాను. సుద్దముక్క కింద పెట్టి, పిల్లలను పంపేసి, తిరుగు బస్సెక్కాను. చేరేసరికి ఆయన్ను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "నిద్దట్లోనే పోయినాడప్పా! ఎంత మంచి సావు!" నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఆయన బతికుండగా ఆయన ముందు అని చూడాల్సింది, చెంప పగిలేది. నిద్రపోతున్న మనిషికి వచ్చే చావులో మంచి ఏముందో, చెడు ఏముందో ఆయనకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

ఆయన బడిపంతులు కాదు. మా వైపు వీధినాటకం నేర్పేవాణ్ణి కూడా అయ్యవారనే అంటారు. కొంచెం చెరుకు, ఒక గానుగ ఉండేవి. చలికాలమంతా బెల్లం వండేవారు, ఎండాకాలం తిరునాళ్లలో ముఖానికి రంగు పూసుకునేవారు. కురచ మనిషి. చెయ్యి మాత్రం జోరు. అడుగు తప్పితే చేతిలో ఉన్న కంచు తాళాలే విసిరేవారు. నా కనుబొమ్మ మీద గాటు దానిదే. దాన్ని చూసి మా కాలేజీలో పిల్లలు ఏ యుద్ధంలో తగిలిందని అడుగుతుంటారు. పెళ్లాం వేషంలో తగిలిందని ఎలా చెప్పను?

అవును, నేను చాలా ఏళ్లు ఆయనకు స్టేజీ మీద పెళ్లాన్ని. కాలేజీ సెలవులు ఇవ్వగానే మీసం గీయించుకుని చీర కట్టేవాణ్ణి. ఆయన అసలు భార్య నన్ను చూడగానే "రావే సవితీ" అని ముంగిట్లోనే ఎకసెక్కం చేసి, సంగటి ముద్ద పెట్టేది. ఆ ఇంట్లో నేను తిన్న సంగటికి లెక్క లేదు.

ఆయన పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేది ఒకటే నాటకం, పాలెగాడిది. ఒక పాలెగాడు పగవాణ్ణి సంధికని పిలుస్తాడు. విందు పెట్టి, తన గదిలోనే పడుకోబెట్టి, నిద్రపోతున్నవాణ్ణి నరుకుతాడు. కత్తిని పళ్లెంలో పెట్టి అందించేది పెళ్లాం, అంటే నేను. ఆ క్షణం నుంచి వాడికి నిద్ర ఉండదు. నిద్రపోతున్న కావలివాళ్లను నరుకుతాడు. సొంత బిడ్డ ఊయల తాళ్లు కోసేస్తాడు. తెల్లవారే వేళకు, చచ్చినవాడి కొడుకు కాళ్ల మీద పడి, నన్ను నిద్రపుచ్చు నాయనా అని మెడ చాపుతాడు.

ఆ వేషం నేర్పేటప్పుడు ఆయన చేతిలో దెబ్బలు తినని వాడు లేడు. ఒకసారి పక్క ఊరి మనిషి ఒకాయన పాలెగాడి వేషం నేర్చుకుంటానని వచ్చి, నిద్ర పట్టనట్టు చూపించడానికి కళ్లు నులుముకుని పెద్దగా ఆవలించాడు. అయ్యవారు లేచి వెళ్లి ఆ తెరుచుకున్న నోటి మీదే ఒక్కటిచ్చారు. "నిద్దర పట్టనోడు ఆవలిస్తాడంట్రా? వానికి నిద్దరపోయేటోళ్లని సూస్తే కోపం! నాకు లేనిది వీనికి యాడనుంచి వచ్చిందని కోపం! ఆ కోపం సూపించు ముందు!" అన్నారు. ఆ మనిషి పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. వేషం మాత్రం అప్పుడే కుదిరింది.

ఈ కోపం మీదే ఆయన ఒక ఆనవాయితీ పెట్టారు. మా నాటకాలు పొద్దు పొడిచేదాకా సాగుతాయి కదా, చివరి ఘట్టానికి ముందే జనంలో సగం మంది చాపల మీద వాలిపోతారు. పాలెగాడు కావలివాళ్లను నరికే చోట ఆయన స్టేజీ దిగి, అలా నిద్రపోయిన వాళ్ల దగ్గరికే వచ్చేవారు. వాళ్లే కావలివాళ్లు. కాలితో ఒక్క తన్ను తన్ని, తగరం కత్తి బల్లపరుపుగా అరికాళ్ల మీద చరిచేవారు. వాళ్లు కేకలు వేస్తూ లేస్తే మిగతా జనం పగలబడి నవ్వేవారు. "నిద్దరపోబాక, పాలెగాడొస్తాడు" అని పక్కవాణ్ణి గిల్లుకుంటూ కూర్చునేవాళ్లు కొందరు, తన్ను తినడం కోసమే దొంగనిద్ర పోయేవాళ్లు కొందరు. ఇప్పుడు తిరునాళ్లకు వీడియో డెక్కు తెచ్చి వరసగా సినిమాలు వేస్తున్నారు. అందులోంచి ఎవడూ దిగి వచ్చి తన్నడు.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో ఆయన అంత హాయిగా నిద్రపోయే మనిషిని నేను చూడలేదు. నాటకం ముగిశాక రంగు కూడా కడగకుండా బస్సెక్కి, ఎవరి భుజం దొరికితే దాని మీద వాలిపోయేవారు. పుత్తూరు సంతకు పోయే ఆడవాళ్లు ఆ ఎర్ర ముఖాన్ని చూసి సీటు మారేవాళ్లు.

కాలేజీలో చదువుతుండగా నాకొక సంగతి తెలిసింది. ఏ దేశపు పాత విషాద నాటకం తీసుకున్నా, నెత్తుటి చేతులతో గద్దె ఎక్కినవాడికి నిద్ర ఉండదు. సైన్యాలూ శిక్షలూ చివరి అంకంలో ఎప్పుడో వస్తాయి. నిద్ర మాత్రం చంపిన వెంటనే వెళ్లిపోతుంది. మిగిలిన నాటకమంతా ఆ నిద్రలేమి చేయించే పనే, ఒక చావు మీద ఇంకొక చావు. గొప్ప రహస్యం కనిపెట్టినవాడిలా పరుగెత్తుకొచ్చి అయ్యవారికి చెప్పాను. ఆయన బెల్లం పెనం దగ్గర మడ్డి తీస్తున్నారు. తల ఎత్తకుండానే, "ఆడ కూడా సంపేది మనుషులే కదబ్బా" అన్నారు. నేను ఈనాటికీ తరగతిలో విషాద నాటకం ఆ మాటతోనే మొదలుపెడతాను.

ఆయన తమ్ముడు మా బృందంలో మద్దెల వాయించేవాడు. ఊళ్లకు కరెంటు మోటార్లు వచ్చిన కొత్త. వీళ్లకూ, చిన్నాయన కొడుక్కూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటారు. నేను సంక్రాంతి సెలవులకు వచ్చి ఉండగా, నీళ్ల వంతు దగ్గర ఒక పొద్దున మాటా మాటా పెరిగి, తమ్ముడు ఆ దాయాదిని పదిమందిలో చెంప మీద కొట్టాడు. దాయాది ఇంటికి పోయాడు. మధ్యాహ్నం తమ్ముడు గానుగ పక్కన చెరుకు పిప్పి మీద, ముఖాన తువ్వాలు వేసుకుని నిద్రపోతున్నాడు. దాయాది చెరుకు కొట్టే కత్తితో వచ్చాడు. మొదటి దెబ్బ మెడ మీద, రెండోది అడ్డం పెట్టిన చేతి మీద. మద్దెల వాయించే వేళ్లు పిప్పిలో పడ్డాయి. అయ్యవారే వాటిని ఏరి తువ్వాల్లో కట్టారు. పిప్పి ఎంత నెత్తురైనా పీల్చేస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

పెనం కింద మంట వేసే కూలివాడు అంతా చూశాడు. "మునివేళ్ల మీద వచ్చినాడయ్యా, అచ్చం నీ నాటకంలో మాదిరే" అన్నాడు. ఆ మాటతో అయ్యవారు కూలబడిపోయారు. ఆ దాయాది ప్రతి ఏడూ ముందు వరసలో కూర్చుని చూసేవాడు. "నేనే నేర్పించినాను గదరా వానికి" అని ఆయన తల గోడకేసి కొట్టుకుంటుంటే, నేనూ ఆయన భార్యా చెరొక చెయ్యీ పట్టుకుని ఆపాల్సి వచ్చింది. నుదురు చితికిపోయింది.

తర్వాత ఆ కూలివాడు తాను ఏమీ చూడలేదన్నాడు. కేసు కొట్టేశారు. దాయాది ఊరేగింపు ఒక్కటి లేదుగానీ, అంత దర్జాగా ఇంటికొచ్చాడు.

ఆ ఏడాదంతా అయ్యవారికి కునుకు లేదు. గడ్డం మాసి, కళ్లు పీక్కుపోయి, పట్టపగలు నడుస్తూనే గట్టు మీంచి కాలువలో పడేవారు. భార్య ఏడిస్తే విసుక్కునేవారు. నేను వెళ్లినప్పుడల్లా నాతో మాత్రం ఒకటే అనేవారు. "వానికి మాత్రం వస్తాదా నిద్దర? రాదు. కోర్టోళ్లు ఇడిసిపెట్నా ఆ నెత్తురు ఇడిసిపెట్టదు. నాకు తెలుసు." ఆయన బతుకు ఆ ఒక్క నమ్మకం మీద నడుస్తోందని నాకు అర్థమైంది. అది నాటకంలోని నమ్మకమని ఆయనతో ఎవరంటారు? నేను అనలేదు.

ఎండాకాలం తిరునాళ్లు వచ్చాయి. పెద్దలు ఈసారికి వేరే నాటకం ఆడమని బతిమాలారు. "ఆడితే ఇదే ఆడతా. వాడు రావాల, సూడాల" అన్నారు అయ్యవారు. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు, దాయాది వచ్చాడు. భార్యను పక్కన పెట్టుకుని, ఎప్పటిలాగే ముందు వరసలో.

నా వంతు వచ్చి, పళ్లెం మీద గుడ్డ తీశాను. తగరం కత్తి లేదు. చెరుకు కొట్టే కత్తి ఉంది, కొత్తగా సాన పట్టింది. "అయ్యవారూ, ఇదేంది?" అన్నాను కొంగు చాటున. "ఇయ్యిరా" అన్నారు. నేను పళ్లెం వదల్లేదు. ఆయన నా మణికట్టు మెలిపెట్టి కత్తి లాక్కున్నారు. చంపాల్సిన అతిథి బదులు దుప్పటి కింద బూడిదగుమ్మడికాయ పెట్టేవాళ్లం, పక్కన పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లు. ఎప్పుడూ తగరం కత్తి దాని మీంచి జారిపోయి జనం నవ్వేవారు. ఆ రోజు ఒక్క వేటుకు దుప్పటితో సహా రెండు ముక్కలై, ఒక చెక్క దొర్లి హార్మోనియం కాళ్ల దగ్గర ఆగింది. హార్మోనియం వాయించే ఆయన చేతులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు.

తూరుపు తెల్లబడుతుండగా పాలెగాడు స్టేజీ దిగాడు. చేతిలో అదే కత్తి. మెలకువగా ఉన్నవాళ్లు లేచి పక్కకు జరిగారు. ముందు వరసలో ఒక్కడు జరగలేదు. దాయాది వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, గురక పెట్టి నిద్రపోతున్నాడు.

అయ్యవారి పద్యం మధ్యలో తెగిపోయింది. అంత ఘోరంగా ఓడిపోయిన ముఖాన్ని నేను మళ్లీ చూడలేదు. స్టేజీ గొంతు పోయి, ఇంట్లో మాట్లాడే గొంతుతో, "నిద్దరపోతా ఉండావంట్రా?" అని అడిగారు. కత్తి లేచింది. నేను స్టేజీ మీంచి దూకి, చీర కుచ్చిళ్లు తగులుకుని బోర్లా పడ్డాను.

దాయాది భార్య మేలుకునే ఉంది. ఆమె అరవలేదు, అడ్డం పడలేదు. కూర్చున్నచోటి నుంచే తల ఎత్తి చూసింది. "దినామూ ఇంతే బావా. తల ఆనిస్తే సాలు, ఇట్లే గురక పెడతాడు. ఆ పొద్దు కూడా ఇట్లే పడుకున్న్యాడు. నాకే కన్ను మూతపడ్లేదు ఇంతవరకూ. ఆ నెత్తురు కత్తి కడిగింది నేనే" అంది.

కత్తి దిగింది. చాప చీలి, దాయాది చెవి పక్కన మట్టిలోకి సగం దాకా దిగింది. వాడు కళ్లు తెరిచి, మీద వంగిన ఎర్ర ముఖాన్ని చూసి, గావుకేక పెట్టి, పంచె ఊడిపోతున్నా చూసుకోకుండా జనాన్ని తొక్కుకుంటూ పరుగెత్తాడు. వెనక వరసలవాళ్లకు సంగతి తెలియదు. ప్రతి ఏడూ నవ్వినట్టే నవ్వారు. ఆ నవ్వు నవ్వినవాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని కొట్టాలనిపించింది.

తర్వాత దాయాది వాటా అమ్ముకుని తమిళదేశం వైపు పోయాడు. అయ్యవారు మళ్లీ ఎప్పుడూ రంగు పూసుకోలేదు. చెరుకు, బెల్లం, అంతే. నాకు మాత్రం ఆయన అనగానే కళ్లకు కట్టేది ఆ పొద్దుటి సంగతే.

భర్త పారిపోయినా ఆమె లేవలేదు. కాసేపు ఆ కత్తి వైపు చూస్తూ కూర్చుంది. తల ఒకసారి ముందుకు తూలింది, ఇంకోసారి తూలింది. తర్వాత అంత జనంలోనే, ఆ చీలిన చాప మీద పక్కకు ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోయింది. హార్మోనియం ఆయన ఏం చెయ్యాలో తోచక పాట అందుకోబోయాడు. మెడ నరకాల్సిన కొడుకు వేషం తెర పక్కన కత్తి పట్టుకుని ఎదురు చూస్తోంది. అయ్యవారు కిరీటం తీసి కింద పెట్టారు. ఆమె కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, పై మీది జరీ గుడ్డతో ఆమె ముఖం మీద ముసిరే ఈగలు తోలుతూ, మా అందరి వైపూ చెయ్యెత్తారు.

"గమ్మునుండండప్పా" అన్నారు. "పాపం, ఇప్పుడే పడుకునింది."