ముప్పై ఏడు సంతకాలు

కళ్ళద్దాల షాపు వెనకగదిలో కూర్చుని, గుండ్రటి అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. అద్దం కాస్త ఎక్కువ అరిగిందా, ఫ్రేములో లొడలొడలాడుతుంది. తక్కువ అరిగిందా, బిగించేటప్పుడు టప్పున పగులుతుంది. అందుకని ఏ అద్దాన్నీ రెండుసార్లు కొలవనిదే చేతిలోంచి వదలదు. అంత జాగ్రత్త గల మనిషి ఎక్కడెక్కడి వాళ్ళ దగ్గరో మొహం చెల్లకుండా చేసుకుందంటే, ఏం చెప్పమంటారు!

షాపుకొచ్చే వాళ్ళెవరికీ ఆవిడ తెలియదు. కానీ కంప్యూటర్లో ‘రేవు’ అనే ఆట ఆడేవాళ్ళందరికీ ఆవిడ ‘అక్క’. ఆ ఆట కట్టింది ఆవిడ తమ్ముడు. రేవులో నిలబడ్డ మనుషుల్నీ, మేకల్నీ, మంచాల్నీ పడవెక్కించి, మునగకుండా అవతలి ఒడ్డుకు చేర్చాలి. వినడానికి ఇంతే. మొదలుపెడితే మాత్రం పొయ్యి మీద పాలు పొంగినా లేవబుద్ధి కాదు.

తమ్ముడు దాన్ని ఓపెన్ సోర్స్ ఆటగా వదిలాడు. అంటే ఆట ఉచితం, ఆట లోపలి రాత, అంటే ప్రోగ్రాము కూడా ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక్కటే షరతు: అమ్ముకున్నవాడు తన మార్పులతో సహా ఆ రాతను కొన్నవాళ్ళకు అలాగే ఇవ్వాలి. తాళం వేసుకోకూడదు.

“మరి డబ్బులెలారా?” అని అక్క అడిగితే అయ్యగారు పెద్ద ఉపన్యాసం ఇచ్చేవాడు. ఇష్టమైనవాళ్ళు విరాళమిస్తారట. తేలిగ్గా ఎక్కించుకునే కాపీని ఆటల స్టోరులో చిన్న ధరకు పెడితే, ఊరికే దొరుకుతుందని తెలిసి కూడా అభిమానంతో కొంటారట. చొక్కాలు అమ్మొచ్చట. స్కూళ్ళకు కావలసినట్టు మార్చిపెట్టి కూలి తీసుకోవచ్చట. అలా బతికేవాళ్ళు లోకంలో లేకపోలేదు. వీడూ అన్నీ చేశాడు, పాపం. విరాళాలు సర్వర్ అద్దెకు బొటాబొటిగా వచ్చేవి. ఒకే ఒక్క స్కూలు అడిగింది, పని చేయించుకుని మళ్ళీ పలకలేదు. పడవ బొమ్మ చొక్కాలు ఎవరూ కొనక, ఆఖరికి అక్క దగ్గర అద్దాలు తుడిచే గుడ్డలయ్యాయి. పొగడ్తలకు మాత్రం కరువు లేదు.

వాడు ఉద్యోగం మానేసి ఆరేళ్ళు. తిండి అక్కది, కరెంటు అక్కది. ఉన్న ఒక్క గదీ తమ్ముడి కంప్యూటర్లకు పోయి, ఆవిడ పడక వంటింట్లోకి చేరింది. స్టవ్వు పక్కన కాళ్ళు ముడుచుకుని పడుకునేది.

ఆవిడకు ప్రోగ్రాములు రాయడం రాదు. ఉత్తరాలు రాయడం వచ్చు. ఆట కోసం ఎవరైనా బొమ్మ పంపినా, తప్పు చూపించినా, పాట కట్టి పంపినా జవాబు రాసేది ఆవిడే. జ్వరమొచ్చిందంటే తగ్గిందా అని మళ్ళీ అడిగేది. అలా ఆటలో చేయి వేసినవాళ్ళు ఒక్కొక్కరే చేరి ముప్పై ఏడుగురయ్యారు. అందులో ఒకాయన ప్లంబరు. ఆటలో వినబడే నీళ్ళ చప్పుళ్ళన్నీ ఆయనవే. పనికెళ్ళిన ఇంట్లో సింకు కింద దూరి, ఫోను పక్కన పెట్టుకుని రికార్డు చేసేవాడు. తెడ్డు చప్పుడు కోసం సగం నిండిన డ్రమ్ములో చెక్కపలక ఆడించాడు.

“ఇది అంట్లు తోముతున్నట్టుంది బాబాయ్, ఇంకోసారి చెయ్” అని అక్క రాస్తే, విసుక్కోకుండా నాలుగుసార్లు చేసి పంపాడు. పైసా అడగలేదు. ఆట చివర వచ్చే పేర్లలో తన పేరు చూసుకుని, పనికెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చూపించేవాడట.

ఒకరోజు అక్క చేతులు కడుక్కుంటుంటే తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, ఒక కంపెనీవాళ్ళు ఆట కొంటామంటున్నారు. నాకు ఉద్యోగం కూడా ఇస్తారట.”

“అందరికీ ఊరికే ఇచ్చిందాన్ని వాళ్ళేం కొంటార్రా?”

“వాళ్ళకు ఆ షరతు వద్దు. తాళం వేసుకునే హక్కు కావాలి. ఎవరు చేసిన ముక్క మీద హక్కు వాళ్ళదే కాబట్టి అందరూ సంతకం పెట్టాలి. ముప్పై ఏడుమందీ.”

“అయితే అడుగు.”

“నేనడిగితే పెట్టరు. నువ్వడిగితే పెడతారు.”

ఆవిడ తువ్వాలు వెతుక్కుంటూ అడిగింది. “ఊరికే ఆడుకునేవాళ్ళ సంగతేంటి?”

“అదెక్కడికి పోతుందక్కా, ఉంటుంది. నేనున్నాను కదా.”

“ఏదీ, ఆ కాగితాలు చూపించు.”

“అరవై పేజీలు, లాయర్ల భాష. చదువుతావా?”

చదవలేదు. చదివితే కాదనాల్సి వస్తుందేమోనని భయం. కాదంటే ఇంకెన్నాళ్ళు వంటింట్లో పడుకోవాలో అని దిగులు. తమ్ముడి మీద జాలి ఉన్నమాట నిజమే, కానీ తన గది మీద ఆశ కూడా అంతే నిజం. ఆ సంగతి ఆవిడ తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

తమ్ముడు ఉత్తరం రాసిచ్చాడు. చదివితే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. ఇలా రాస్తే ఎవరైనా పెడతారా అని, కింద తను సొంతంగా ఒక్క వాక్యం చేర్చింది: “ఆట ఇప్పుడున్నట్టే అందరికీ ఉచితంగా ఉంటుంది, ఇది నా మాట.” తమ్ముడు చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. పంపించెయ్ అన్నాడు.

తొమ్మిది రోజుల్లో ముప్పై ఆరు సంతకాలు వచ్చాయి. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. ప్లంబరు మాత్రం సంతకం పంపకుండా ఫోన్ చేశాడు.

“నీళ్ళ చప్పుడు మీద నాకు హక్కేంటమ్మా, నవ్వొస్తోంది. కానీ తాళమంటేనే నాకు నచ్చదు. నేను నీళ్ళ మీటర్లు బిగించిన ఇళ్ళు చూస్తున్నాగా, ఆ తర్వాత పక్కింటికి బకెట్టు నీళ్ళు కూడా ఇవ్వరు. నేనొక్కణ్ణే పెట్టకపోతే ఇది ఆగుతుందా?”

“ఆగుతుంది బాబాయ్.”

“మరి నువ్వేమంటావు?”

అప్పుడైనా ఆవిడ వద్దనొచ్చు. అనలేదు.

“పెట్టు బాబాయ్. మావాడి బతుకు ఒక దారిన పడుతుంది. ఆటకేం కాదు, నేను చెబుతున్నాగా.”

“నువ్వు చెప్పావు, చాలు” అని ఆయన ఆ సాయంత్రమే సంతకం పంపించాడు.

తమ్ముడికి ఉద్యోగమొచ్చింది, వేరే ఇల్లూ వచ్చింది. వెళ్ళేటప్పుడు అక్కకు బట్టలుతికే మిషను కొనిచ్చాడు. ఆవిడ గదిలో మంచం వేసుకుని, ఎన్నాళ్ళకో కాళ్ళు బారజాపి హాయిగా పడుకుంది. తప్పేముంది?

అయిదు నెలలకు పాత ‘రేవు’ సర్వర్ ఆపేశారు. కొత్త ‘రేవు’ ఫోన్లలోకి వచ్చింది. ఎక్కించుకోవడం ఉచితమే. మూడుసార్లు నది దాటాక పడవకు చిల్లు పడుతుంది. పూడాలంటే డబ్బు కట్టాలి, లేదా ఆరు గంటలు ఆగాలి. ఆ ఆరు గంటలూ ప్రకటనలు. మేకను ఎక్కించాలంటే దానికి విడిగా ధర! చివర్లో పేర్ల పట్టిక పీకేశారు. ప్లంబరు డ్రమ్ములో ఆడించిన తెడ్డు చప్పుడు మాత్రం అలాగే ఉంది. అక్క పేరున ఉత్తరాలు గుట్టగా వచ్చిపడ్డాయి. ఒక్కదాంట్లోనూ బూతు లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు.

షాపుకు సెలవు పెట్టి తమ్ముడి ఆఫీసుకు వెళ్ళింది. వాడు కాఫీ తెప్పించాడు. ఆవిడ ముట్టుకోలేదు.

“ఉచితంగా ఉంటుందన్నావు కదరా?”

“ఉంది కదక్కా. పాత కాపీ ఎవరి దగ్గరుంటే వాళ్ళు నిక్షేపంగా ఆడుకోవచ్చు, పంచుకోవచ్చు. చట్టం ప్రకారం ఎవడూ ఆపలేడు.”

“సర్వర్ పీకేశారు, పేరు లాక్కున్నారు. కొత్తవాడికి అది ఉందని ఎలా తెలుస్తుందిరా?”

“చూడక్కా, మాటంటూ ఇచ్చింది నువ్వు. నేను రాసిన దాంట్లో ఆ ముక్క లేదు.”

“నువ్వు చదివే కదరా పంపించెయ్ అన్నావు!”

“అన్నాను. అదే పనిచేసింది మరి. మా లాయర్లు కూడా ఇంత బాగా రాయలేరని ఇక్కడ అందరూ మెచ్చుకున్నారు, తెలుసా?”

వాడు దాన్ని నిజంగానే పొగడ్త అనుకుని చెప్పాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆట ఎప్పుడూ ఊరికే దొరికేదే. ఇంత డబ్బు పోసి వాళ్ళు కొన్నది ముప్పై ఏడుగురికి ఆవిడ మీదున్న నమ్మకాన్ని. దాన్ని అమ్మిపెట్టింది స్వయానా ఆవిడే. చివాలున లేచి వచ్చేసింది.

ఇంట్లో పాత కంప్యూటర్లో ఆట కాపీ ఒకటి మిగిలింది. దాన్ని నెట్‌లో పెట్టడానికి నానా తంటాలు పడింది. కాగితం మీద మెట్టు మెట్టుగా రాసుకుని, తప్పు చేసి, మళ్ళీ మొదలుపెట్టి, జీతంలోంచి సర్వర్ అద్దె కట్టి, ‘రేవు’ అనకూడదు కాబట్టి ‘బల్లకట్టు’ అని పేరు పెట్టింది. పాత షరతు అలాగే ఉంచింది. ముప్పై ఏడుగురికీ ఉత్తరం రాసింది. తాను చదవకుండా మాటిచ్చానని, గది కోసం ఆశపడ్డానని, బట్టల మిషను తీసుకున్నానని దాచకుండా ఒప్పుకుంది. మళ్ళీ చేయి వేయమని అడిగింది.

ఎవరూ పలకలేదు. రోజూ మధ్యాహ్నం, అద్దాల పొడి అంటిన వేళ్ళతోనే ఫోను తెరిచి చూసుకునేది. పదమూడో రోజు ప్లంబరు దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అద్దాలు అరగదీసే మిషను ఆపి, వెనకగది తలుపు దగ్గరికి వేసి, కూర్చుని చదువుకుంది.

“అమ్మా, బాగున్నావా. నీ మీద కోపం లేదు. చప్పుళ్ళన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి, కావాలంటే ఇప్పుడే పంపిస్తాను. ముందు ఒక్కటి చెప్పు. ఈసారి ఎవరికి అమ్ముతావు?”