గట్టి బిందె, ఉల్టా అక్షరాలు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి: మోమిన్‌పేట్ మండలం మొత్తంలో నా అంత గుండ్రంగా తెలుగు రాసేవాడు లేడని ఒకటి, ఆ సంగతి లోకానికి ఇంకా తెలియలేదని రెండోది. ఇవాళ మా కంపెనీలో పైపులు, ట్యాంకులు, కుర్చీలు షెడ్డు షెడ్డుకూ కుప్పలు పడి ఉంటాయి గానీ, నేను గుమాస్తాగా చేరినప్పుడు వికారాబాద్ అవతల ఒకే రేకుల షెడ్డు, ఒకే మిషను. దాన్నుంచి వచ్చేవి ప్లాస్టిక్ నీళ్ల బిందెలు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ అమ్మేసి ఆ మిషను కొన్న మా సేటు, ప్రతి బిందె మీదా "గట్టి బిందె" అని తెలుగులో పడాలన్నాడు. రాసే పని నాకే దక్కింది (దక్కకపోతే అలిగేవాణ్ణి).

రాసిన కాగితం పట్టుకుని హైదరాబాద్‌లో బిందెల అచ్చు చెక్కే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉల్టా చెక్కాల్నా సార్?" అని అడిగాడు. నా అక్షరాలను ఉల్టా చేస్తాడట! ఒళ్లు మండిపోయింది. వయసు కూడా చూడకుండా, "నేను రాసినట్టే చెక్కు. ఒక్క గీత గూడ మార్చొద్దు" అన్నాను. పాపం, మార్చలేదు. అచ్చులో తిరగేసి చెక్కితేనే బిందె మీద సరిగ్గా పడుతుందని నాకు తెలిసింది, మొదటి లాటంతా బయటికొచ్చాకే (మిషను నడిపే అన్నకు చదువు రాదు, నాకేమో షెడ్డులోకి తొంగి చూడటం నామోషీ).

సేటు తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "గీ లాటు పోకుంటే షెడ్డుకు తాళమే. నువ్వు గూడ మోమిన్‌పేట్ బస్సెక్కుడే. రేపు తాండూరు అంగడికి నువ్వే తీస్కపో" అన్నాడు.

అంగట్లో గాజులమ్మే అక్క పక్కన బిందెలు పేర్చి, అక్షరాలు వెనక్కి తిప్పి కూర్చున్నాను. కోట్‌పల్లి నుంచి మేకలమ్మడానికొచ్చిన ఒక పెద్దవ్వ వచ్చి ఒక బిందెను ముందుకు తిప్పనే తిప్పింది. "గిదేం రాత కొడుకా? కన్నడమా?" నేను నోరు తెరిచేలోపే, కందులు కొనడానికొచ్చిన కన్నడాయన వంగి చూసి, "మాది కాదవ్వా, మీదే ఉండాలె" అని తప్పుకున్నాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో గాజులక్క పకపకా నవ్వింది. ఆమె దుకాణం అద్దంలో నా బిందె కనబడుతోంది. "ఓ పెద్దవ్వా, గీడ సూడు! అద్దంల సక్కగున్నది. గట్టి బిందె అంట!" ఇంకేముంది, జనమంతా ఆ అద్దం ముందే. "అద్దం బిందె నాకియ్యి" అంటే "నాకియ్యి" అని ఎగబడ్డారు. మధ్యాహ్నానికి బండి ఖాళీ, వారం తిరక్కుండానే లాటు ఖాళీ. తర్వాత సేటు కొత్త అచ్చు చేయించి సరైన అక్షరాలతో బిందెలు పంపిస్తే, అదే పెద్దవ్వ, "గిది డూప్లికేటు బిడ్డా, అసలుది తియ్" అంది. సేటు చచ్చినట్టు పాత అచ్చే మళ్లీ ఎక్కించాడు. నా ఉద్యోగం నిలిచింది (రాత పని మాత్రం మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు).

మొన్న ఆ అచ్చు అరిగిపోతే మరొకటి చేయించాల్సి వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చి, "సార్, గిట్లనే చెక్కితే బిందె మీద ఉల్టా పడ్తది. మార్చాల్నా?" అని బెదురుతూ అడిగింది. ముసలాయన నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. "వద్దు బిడ్డా, గట్లనే ఉండనీ. అడిగి మంచి పని చేసినవ్" అన్నాను. ఆ రెండో మాట ఆయనకు ఆ రోజే చెప్పాల్సింది.