ఉప్పుమళ్ల గట్టు మీద దారి

పోయిన నెలలో విజయనగరంలో మా అమ్మాయి వాళ్ల వీధి చివర కొత్తగా నడక బాట వేశారు. రెండు వైపులా పూలమొక్కలు, కూర్చోడానికి సిమెంటు బల్లలు, గేటు పక్కన నడిస్తే ఏయే జబ్బులు దగ్గరకి రావో రాసిన పెద్ద బోర్డు. ఈ వయసులో కూడా కాళ్లలో సత్తువ ఉంచినందుకు భగవంతుడికి దణ్ణం పెట్టుకుని రోజూ పొద్దున్నే నాలుగు చుట్లు తిరుగుతున్నాను. మొన్న నా కళ్లముందే, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అటు నుంచి ఇటు దాటబోయిన ఒకామెని కాపలా మనిషి ఆపేశాడు. "ఇది వాకింగు సేసీవోల్లకి, నువ్వు సుట్టు తిరిగి యెల్లు" అన్నాడు. ఆమె తట్ట సర్దుకుని, "మరి నానేటి ఎగిరొచ్చినానా బాబూ?" అని వెనక్కి తిరిగింది. ఫోన్లతో పూలమొక్కల ముందు ఫొటోలు దిగుతున్న మావాళ్లు ఆ మాటకి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చున్నా ఆ మంట చల్లారలేదు. నడిచేవాళ్లనే నడవని వాళ్లుగా తేల్చేయడం నేను నా పదహారో ఏటే ఒకసారి చూశాను, అప్పుడు దిగమింగుకున్న కోపం ఇన్నేళ్లూ కడుపులో అలాగే ఉందని ఇప్పుడు తెలిసింది.

అరవయ్యో దశకం చివరి రోజులవి. మాది నౌపడ, సముద్రపు నీళ్లు మళ్లకి పెట్టి ఉప్పు పండించే ఊరు. మడి చెక్కలు, కొంచెం మెట్ట ఉన్న వ్యవసాయ కుటుంబం. పెద్ద బడి దూరమని నన్ను పంపలేదు గానీ, మా నాన్నగారు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని రోజూ రెండు గంటలు కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు ఆయనే చెప్పారు. ఆ రుణం ఈ జన్మకి తీరేది కాదు. ఆయన తమ్ముడు, మా చిన్నాన్న, ఖరగ్‌పూర్‌లో రైల్వే పని చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో ఇంటికి వచ్చేశాడు. వస్తూ వస్తూ రెండే రెండు వస్తువులు తెచ్చుకున్నాడు, ఒక సైకిలు, ఒక పెట్టె కెమెరా. రోజూ పొద్దున్నే గాలికి నడవమని డాక్టరు చెప్పాడట. దారిలో ఆయాసం వస్తే పట్టుకోడానికి మనిషి కావాలి కాబట్టి నన్ను తోడు పంపేవారు. వెళ్లేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ ఇద్దరం ఉప్పుమళ్ల గట్టు మీదుగా నడిచేవాళ్లం. వచ్చేటప్పటికి ఆయన అలిసిపోయేవాడు. ఉప్పుమళ్ల మధ్య నేల సిమెంటులా గట్టిగా ఉంటుంది, అక్కడే నాకు తొక్కడం నేర్పాడు. పరికిణీ ఎగదోపుకుని నేను తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద చిన్నాన్న మఫ్లరు చుట్టుకుని కొత్త పెళ్లికొడుకులా కూర్చునేవాడు. ఊళ్లో వాళ్లు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం.

కెమెరా కూడా ఆయనే చేతికిచ్చాడు. నడుం దగ్గర పట్టుకుని పైనుంచి అద్దంలోకి వంగి చూడాలి. రీలుకి పన్నెండు బొమ్మలే. అందుకని ఆయన పెట్టిన నియమం, పొద్దుకి ఒక్కటే బొమ్మ. ముందు నిలబడు, గాలి ఎటు వీస్తోందో చూడు, నీళ్లలో వెలుతురు కదలడం ఆగేదాకా నువ్వూ కదలకు, అప్పుడు నొక్కు అనేవాడు. అలా నిలబడి నిలబడి నేను చూసినంత ఆకాశం ఇంకెప్పుడూ చూడలేదు. మళ్లలో నీరు పలచబడి అంచుల్లో ఉప్పు పూత పూయడం, గూడబాతులు బరువుగా లేచి రైలు వంతెన అవతలికి పోవడం, చిన్న పట్టాల రైలు పొగ నీళ్ల మీద తలకిందులుగా పాకడం. పూజ గదిలో కుదరని మనసు నాకు ఆ గట్ల మీద కుదిరేది. పాపం అనుకుంటే అనుకోండి గానీ, ఉన్నమాట అదే.

ఆ గట్టు మీద ఇంకొకటి కూడా చూశాను. సముద్రం ఒడ్డునున్న భావనపాడు నుంచి చేపల తట్టలతో ఆడవాళ్లు తెల్లారకుండానే బయలుదేరి ఆ గట్టు మీదుగా నౌపడ స్టేషనుకి వచ్చేవారు. పొద్దుటి పాసింజరు అందితే చేప పచ్చిగా అమ్ముడయ్యేది, అందకపోతే ఎండబెట్టుకోవాల్సిందే. గట్టు మీద వస్తే అందుతుంది, రోడ్డు చుట్టు తిరిగితే అందదు. వాళ్లకి అంతే తెలుసు, వాళ్ల అత్తలకీ అంతే తెలుసు. అందరికన్నా ముందు వచ్చే పెద్దామెని నేను అత్తా అని పిలిచేదాన్ని. నన్ను చూడగానే, "ఒసే గుంటా, మీ సిన్నాయన్ని బజారుకి అమ్మీడానికి తీసుకెల్తన్నావేటి, కేజీ ఎంత?" అని అడిగేది. చిన్నాన్న దగ్గుతూ నవ్వేవాడు. చిన్నాన్న రీళ్లన్నీ పక్షులే. ఒక రీలు పూర్తిగా నాకు వదిలేసినప్పుడు మాత్రం నేను ఆ తట్టల ఆడవాళ్ల వరసనే తీశాను. పదకొండు పొద్దులు, పదకొండు బొమ్మలు.

పన్నెండోది తియ్యకుండానే వానలు పడ్డాయి. వానలు వెలిశాక వెళ్లి చూస్తే గట్టుకి అడ్డంగా ముళ్లకంచె ఉంది. కొత్తగా వచ్చిన ఉప్పు కంట్రాక్టరు గట్టు తవ్వించి, మళ్లీ పోయించి, ఇది నా మళ్ల గట్టు, ఇక్కడ దారి అనేది ఏనాడూ లేదు అన్నాడు. కొత్త మట్టి మీద అడుగుల జాడ ఎక్కడుంటుంది! ఆడవాళ్లు గోల పెడితే, దసరా వెళ్లాక రెవెన్యూ అధికారి వచ్చి విచారిస్తాడని కబురు వచ్చింది. సాక్ష్యం ఏమిటి అంటే వాళ్ల దగ్గర చిన్న చీటీ కూడా లేదు. చిన్నాన్న కళ్లు మెరిశాయి. "మన దగ్గర ఉన్నాది కదే అమ్మీ" అన్నాడు. పన్నెండో బొమ్మగా ఆ కంచెనే తీసి, రీలు టెక్కలి స్టూడియోకి ఇద్దామనుకున్నాం. ఈలోగా ఆయుధ పూజ వచ్చింది.

మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, పూజ విషయంలో చాలా పట్టింపు మనిషి. పనిముట్టుకి ఎక్కడ పడితే అక్కడ బొట్టు పెట్టకూడదు, అది పని చేసే చోటే పెట్టాలి అనేది. కొడవలికి పదునుకి, తిరగలికి నోటికి, సైకిలుకి ఇరుసుకి. కెమెరా ఎక్కడ పని చేస్తుందో చిన్నాన్న ఎన్నోసార్లు చెప్పగా విన్నది, బొమ్మ వెనక తలుపు లోపల పడుతుందని. అందుకని మేమెవరం లేని సమయం చూసి ఆ తలుపు తీసింది. లోపల చుట్ట కనిపించింది. కొత్త బట్టకి అంచున పసుపు పెట్టకుండా కట్టుకోరు కదా, అలాగే ఆ చుట్టని చివరిదాకా విప్పి, రెండు చివర్లా పసుపు అద్ది, దీపం వెలుతుర్లో కాసేపు ఉంచి, మళ్లీ ఎలా ఉన్నది అలా చుట్టి తలుపు వేసింది. ఆ చుట్టడం ఎంత పొందిగ్గా చుట్టిందంటే, మాకు అనుమానమే రాలేదు. మర్నాడు వెళ్లి కంచె బొమ్మ తీసుకొచ్చాం కూడా.

స్టూడియో అతను మూడోరోజున మా చేతిలో పెట్టింది నల్లటి రిబ్బను, కడగకముందు వెలుతురు తగిలితే రీలంతా అంతే. పన్నెండులో ఒక్క బొమ్మా లేదు, ఆ తర్వాత తీసిన కంచెతో సహా. చివర పసుపు మరక చూపించి ఇదేమిటండీ అని అడిగాడు. ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలోనే ఎదురై, "నా బొట్టు పడ్డాదేటి రా బొమ్మలోన?" అని ఆశగా అడిగింది. చిన్నాన్న ఆమె ముఖం చూసి, పడ్డాదమ్మా, బాగా పడ్డాది అన్నాడు. ఆ రాత్రి చిన్నాన్న అన్నం తినలేదు. మామ్మ మీద నాకు ఆనాడూ కోపం లేదు, ఈనాడూ లేదు. ఆవిడ తనకి తెలిసిన భక్తి తాను చేసింది. నా కోపమంతా ఆ తర్వాత జరిగిన దాని మీదే.

విచారణ మా ఊరి స్టేషను పక్కన చింతచెట్టు కింద జరిగింది. అధికారి కుర్చీలో కూర్చున్నాడు, కంట్రాక్టరు పక్కన స్టూలు మీద. ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు, తట్టలతో సహా. ఎప్పుడో ఒకరిద్దరు దారి తప్పి వచ్చి ఉంటారండీ అన్నాడు కంట్రాక్టరు. అత్త ముందుకొచ్చింది.

"నా పెల్లినాడు ఆ గట్టు మీదే కదా బాబూ నన్ను తీసుకొచ్చినారు. దారే నేదంతే మరి నా పెల్లి కూడా అవ్వనేదేటి? మా ముసిలోడికి ఈ మాట సెప్పీకండి, ఎగిరి గంతేస్తాడు."

అందరూ నవ్వారు, అధికారి కూడా. నవ్వి, కాగితం ఏమైనా ఉందా అని అడిగాడు. "నడిసినదానికి కాగితవేటి బాబూ" అంది అత్త. పగిలిన మడమలు చూపించింది. ఆయన చూడలేదు.

అప్పుడు నేను లేచాను. చిన్నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు గానీ ఆపలేదు. నేను రోజూ ఆ గట్టు మీద ఉన్నానండి, రోజూ వీళ్లు రావడం చూశానండి, ఎవరి వెనక ఎవరు వస్తారో కూడా చెబుతాను అన్నాను. అధికారి కలం తీశాడు. నా పేరు రాసుకున్నాడు. ఏ బడిలో చదివావమ్మా అని అడిగాడు. ఇంట్లోనేనండి, మా నాన్నగారు చెప్పారు అన్నాను. కలం ఆగింది. రాసిన పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. నా కళ్ల ఎదురుగానే గీశాడు. తండ్రి చెప్పిన చదువు చదువు కాదు. కళ్లతో చూసినది చూపు కాదు. నలభై మంది కాళ్లు నడిచినది నడక కాదు. కంట్రాక్టరు గొంతు సవరించుకుని, వయసొచ్చిన ఆడపిల్లకి తెల్లారకుండా ఉప్పుమళ్లలో సైకిలు మీద ఏం పనో పెద్దలే కనుక్కోవాలి అన్నాడు. దానికి మాత్రం అక్కడ చాలామంది తలలూపారు. ఒక రీలు పాడవడం వల్లే దారి పోయిందని చిన్నాన్న చచ్చేదాకా బాధపడ్డాడు. నేను ఒప్పుకోను. ఎదురుగా నిలబడి చెబుతున్న మనుషులని నమ్మనివాడు బొమ్మని మాత్రం ఎందుకు నమ్ముతాడు?

దారి లేదని తీర్మానం అయింది. సైకిలు కొట్టుగదిలోకి వెళ్లింది. ఆ మాట పడ్డాక నాన్నగారు నన్ను గడప దాటనివ్వలేదు, ఆయన్ని తప్పుపట్టను, ఊరి నోటికి భయపడ్డారు. చేపలవాళ్లు రోడ్డు చుట్టు తిరిగి వచ్చేవారు. ఆ రోడ్డు మా ఇంటి ముందే. ఎవరో జరిగింది చెప్పేశారు మామ్మకి. మర్నాటి నుంచి ఆవిడ వీధిలో గంజి కుండ పెట్టుకుని వాళ్ల కోసం కూర్చునేది. మొదటిరోజు అత్త గంజి తాగి, మామ్మ గడ్డం పట్టుకుని, "నీ బొట్టేటి సేసింది మామ్మా, ఆ కుర్సీలో బాబుకి కల్లు నేవు గానీ" అంది. అప్పటికే రైలు కూత వేసి వెళ్లిపోయింది. వాళ్లు మా అరుగు పక్కనే చేపలు దించుకుని, ఎండబెట్టడానికి చోటు వెతుక్కున్నారు.

ఇప్పుడు చేపలు మంచుగడ్డల పెట్టెల్లో వ్యాన్ల మీద పోతున్నాయి. గట్టు ఉన్నా ఎవరూ నడవరు. ఆ సంగతి ఇన్నేళ్లకి ఎందుకమ్మా అని మా అమ్మాయి అడుగుతుంది. అవసరం తీరి మూసుకుపోయిన దారి గురించి నాకు దిగుల్లేదు, కాలం అన్నాక అలాంటివి పోతుంటాయి. కానీ అది అసలు లేనే లేదని ఒక కాగితం మీద రాసి ఉంది, ఆ కాగితం ఏ కచేరీ బీరువాలోనో ఇప్పటికీ భద్రంగా ఉండే ఉంటుంది. ఆడవాళ్లందరూ వెళ్లిపోయారు. చిన్నాన్న వెళ్లిపోయాడు. ఆనాడు ఆ అధికారి రాసుకోని వరస మాత్రం నాకింకా కళ్లకి కడుతుంది. ముందు అత్త, ఆమె వెనక ఎర్రచీర కోడలు, ఆ వెనక కాలు ఈడ్చే పొట్టి ఆవిడ, ఆ వెనక మిగతావాళ్లు, అందరికన్నా చివరన చంకలో పిల్లతో ఒక చిన్నది. నీళ్లలో వాళ్ల నీడలు వాళ్లకన్నా ముందు నడిచేవి.