గోడలో నా గోతాం

నిన్న సాయంత్రం, మోపిదేవి మొక్కు తీర్చుకుని బందరు తిరిగొచ్చిన మా చెల్లెలి కూతురు, అరుగు మీద లాప్‌టాప్ తెరిచి నాకొక మంట చూపించింది. హైదరాబాదులో ఆ పిల్ల ఉద్యోగం అదే, అణువిద్యుత్ కేంద్రంలో ఏ గదిలోనైనా నిప్పు పుడితే పొగ ఎటు పాకుతుందో, పక్కగది ఎంత వేడెక్కుతుందో కంప్యూటర్లో లెక్కకట్టి చూడటం. తెరమీద పొగ లేచి, కప్పుకి తగిలి, మెల్లగా కిందికి దిగింది గాని గోడ దాటలేదు. ఏ కేంద్రమని అడిగాను. చెప్పింది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

నేను ఐదో తరగతి దాటనివాణ్ణి. గుడివాడలో మోటారు వైండింగ్ షాపులో పాత వైరింగు పుస్తకాలు కూడబలుక్కుంటూ కరెంటు పని నేర్చుకున్నాను. మన ఈడువాళ్లం చాలామందిమి అలాగే కదా పనిమంతులమయ్యాం. ఆ పనితోనే, అప్పుడు కడుతున్న ఆ కేంద్రానికి కాంట్రాక్టు మనిషిగా వెళ్లి కేబుళ్లు లాగాను. రెండు గదులు, మధ్యన గోడ. ఒక గదిలో కేబుళ్లు కాలిపోయినా రెండో గదిలోవి రియాక్టరుని చల్లబరిచే నీళ్ల పంపుల్ని నడపాలి, అందుకని గోడలో కేబుళ్లు దూరే ప్రతి కన్నాన్నీ నిప్పుకి ఆగే మందుతో పూడ్చాలి. ఒక్క కన్నం మిగిలుండగా మందు అయిపోయింది. మర్నాడు తనిఖీ.

"ఏదో ఒకటి కుక్కి పైన పూత పూసెయ్యవోయ్, మందు రాగానే తీయిద్దాం" అన్నాడు మేస్త్రీ. ఇంటినుంచి బియ్యం తెచ్చుకున్న గోతాం, గుడివాడ మిల్లు ఎర్రముద్ర ఉన్నది, చింపి కుక్కాను. దివిసీమలో పుట్టినవాణ్ణి, వేసవిలో తాటాకిళ్లు అంటుకుంటే మా అమ్మ పక్కిళ్ల మీద తడి గోనెలు కప్పించడం చూసినవాణ్ణి, పొడి గోనె ఎలా మండుతుందో నాకు తెలియక కాదు. తనిఖీకి వచ్చినాయన గుమ్మంలోనే నిలబడి సంతకం పెట్టి వెళ్లాడు. మందు వచ్చేలోపు మా కాంట్రాక్టే అయిపోయింది. ఊరొచ్చాక కేంద్రానికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఉద్యోగుల రోల్లో పేరు లేనివాడి ఉత్తరం ఎవడు విప్పుతాడు?

ఇదంతా చెబితే ఆ పిల్ల నవ్వలేదు. "కన్నం ఎంతుంటుంది మావయ్యా?" అంది. పిడికిలి చూపించాను. తెరమీద గోడకి అంత కన్నం పెట్టింది. పొగ ముందు దారంలా, తర్వాత తాడులా అవతలికి పోయింది. కాసేపటికి పక్కగది కేబుళ్లు కూడా ఎర్రబడ్డాయి.

గది నంబరు అడిగింది. మేమున్నప్పుడు గదులకి నంబర్లే వెయ్యలేదు. మెట్లు దిగాక ఎడమచేతి వైపు మూడోదో నాలుగోదో అన్నాను. పాపం, అప్పటికప్పుడే పై అధికారికి ఫోను చేసింది. స్పీకర్లో నేనూ విన్నాను.

"డ్రాయింగులో గోడ మూసే ఉందమ్మా. తనిఖీ కాగితమూ ఉంది. మీ మావయ్యగారి దగ్గర ఏముంది?"

"చెయ్యుందండీ! ఆ గోతాం కుక్కిన చెయ్యి!" అని అరిచాను.

"పెద్దాయన్ని ఆవేశపడనివ్వకమ్మా, బీపీ పెరుగుతుంది" అని పెట్టేశాడు.

"పైవాళ్లకి కాగితం మీద రాస్తాను మావయ్యా, కానీ రేపు పంపాల్సిన లెక్క మాత్రం డ్రాయింగు ప్రకారమే" అంటూ ఆ పిల్ల నా మొహం చూడకుండా ఒక్క మీట నొక్కి కన్నం మూసేసింది. పొగ మళ్లీ బుద్ధిగా గోడకి ఇవతలే ఆగింది.

ఆ రోజుల్లో తనిఖీ అంటే మనిషి గుమ్మందాకా అయినా వచ్చేవాడు, లోపలికొచ్చి వేలితో పొడిచి చూడలేదనే ఇన్నేళ్లూ నా కోపం. ఇప్పుడు గుమ్మందాకా కూడా రానక్కర్లేదు. అక్కడ మాత్రం, సన్నటి పూత వెనకాల, మిల్లు ముద్ర ఉన్న నా గోతాం ఇంకా ఎండుతూనే ఉంది.