బి.ఏ. కోసం బనగానపల్లె

ఆడపిల్ల కాలేజీ గడప తొక్కకుండా ఇంట్లోనే చదువుకుని బి.ఏ. పరీక్షకు కూర్చోవచ్చునన్న కబురు నాకు మొదట మోసుకొచ్చినవాడు మా చిన్నమామ. ఆ రోజుల్లో కబుర్లు ఇప్పటిలా రెక్కలు కట్టుకుని వచ్చేవి కావు. మద్రాసులో బయలుదేరిన మాట మార్కాపురం చేరేసరికి దారిలో దానికి జ్వరం వచ్చి, తగ్గి, పథ్యం కూడా అయిపోయి ఉండేది. అందుకని వచ్చిన మాటను వచ్చినట్టే నమ్మడం మాకు అలవాటు. అది నిజమా కాదా అని తిరిగి మద్రాసును అడగడం కంటే నమ్మి ఊరుకోవడమే సులువు. ఆ అలవాటే ఒక వేసవిలో మమ్మల్ని పరదేశానికి తీసుకుపోయింది.

మా నాయన బోర్డు స్కూల్లో పంతులు. ఊళ్ళో పిల్లలందరికీ బడిలో చెప్పి వచ్చి, నాకు మాత్రం వసారాలో చెప్పేవాడు. మా ఊరి గనుల్లో తీసిన పలకరాయి బండ ఒకటి, మనిషంత ఎత్తుది, గోడకు చేర్చి ఉండేది. దాని మీద సుద్దముక్కతో ప్రపంచపటం గీసేవాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, మడిబట్టతో ఆ పక్కనుంచి పోయినప్పుడల్లా తడి తగిలి ఏదో ఒక ఖండం మాయమయ్యేది. ఎక్కువగా ఆఫ్రికాకే ఆ గతి పట్టేది (అది అవ్వ నడుము ఎత్తులో ఉండేది మరి). నాయన విసుక్కోకుండా సాయంత్రం మళ్ళీ గీసేవాడు. ఆ విధంగా ఖండాలు పోతూ వస్తూ ఉండగానే, చెన్నకేశవస్వామి దయవల్ల నేను మెట్రిక్కూ ఇంటరూ ఇంటినుంచే గట్టెక్కాను.

చిన్నమామ మద్రాసులో చదువుతూ సెలవులకు అక్కగారింటికి, అంటే మా ఇంటికి వచ్చేవాడు. మనిషి మంచివాడే గానీ, ముఖం మీద నవ్వు లేకుండా నవ్వులాటలు ఆడే విద్య ఒకటి నేర్చుకున్నాడు. ఆ సారి వచ్చీ రాగానే కబురు చెప్పి, చరిత్ర, రాజనీతి తీసుకుంటే దేశాలకూ దేశాలకూ మధ్య నడిచే వ్యవహారాలన్నీ, సంధులూ తగాదాలూ యుద్ధాలూ చదవవచ్చునన్నాడు. ఆ మాటకే నాకు ఒళ్ళు పులకరించింది. నాయన మాత్రం ముందు నిబంధనలు తెలియాలన్నాడు. నిబంధన అంటే నాయనకు వేదవాక్కు.

"ఇంటర్ ప్యాసై ఉండాల బావా. అది అయింది. ఇంగ్లీషు రావాల. వస్తాది. తెలుగు ఉండనే ఉంది. పేపరు రోజూ చదవాల. మంచి అట్లాసు ఒకటి ఉండాల," అన్నాడు మామ.

"ఇంకా?" అన్నాడు నాయన.

"అంతే."

"అంతేనంటే ఎట్ల? అంత పెద్ద చదువుకు అంతేనా? బాగా గుర్తు తెచ్చుకో."

మామ మజ్జిగ గ్లాసు పట్టుకుని కొంచెంసేపు ఆలోచించినట్టు కూర్చున్నాడు. "ఆ, ఒకటి ఉంది. దేశాల సంగతులు చదివేటోళ్ళు ఒక్క పరదేశమన్నా కంటితో చూసి ఉండాలంట. ఇల్లు కదలకుండా రాసినోళ్ళకు మార్కులు ఎట్ల ఇస్తారు?"

"న్యాయమే గదా," అన్నాడు నాయన.

అప్పటిదాకా వత్తులు చేసుకుంటున్న అవ్వ తలెత్తింది. మా ఇంట్లో అవ్వ సరేనంటే తప్ప ఏ పనీ కాదు. అప్పటికి గిద్దలూరు నుంచి నాకు ఒక సంబంధం వచ్చి నానుతూ ఉంది. పిల్లకు ఇంకా చదువేమిటని మా పెదనాయనలూ చిన్నాయనలూ వారానికొకరు వచ్చి అవ్వ దగ్గర మొర పెట్టుకుని పోతున్నారు. "సముద్రం దాటేది మన ఇంటా వంటా లేదు," అంది అవ్వ. "దాటకుండా పరదేశం చూపిస్తావా, చూపించు. షరతులన్నీ సక్రమంగా తీరితే పిల్ల పరీక్షకు కూర్చుంటాది. ఒక్కటి తక్కువైనా పుస్తకాలు కట్టిపెట్టి గిద్దలూరోళ్ళకు కబురు చేస్తాం. సగం మొక్కు తీర్చడం నాకు గిట్టదు."

ఇంగ్లీషంటే కష్టపడి నేర్చుకున్నాను, పరదేశాన్ని ఎక్కడినుంచి తేను? ఆ సాయంత్రం దీపం పెట్టి దేవుణ్ణి అడిగాను. ఏ దేశమైనా ఫరవాలేదు, కొంచెం దగ్గరగా ఉండేది ఒకటి చూపించు స్వామీ అని.

మర్నాడు పొద్దున నాయన అట్లాసు చంకన పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. "దొరికింది. బనగానపల్లె," అన్నాడు.

"మామిడిపండ్ల బనగానపల్లెనా?" అంది అవ్వ.

"పండ్ల సంగతి తర్వాత. అది నవాబుగారి ఏలుబడి. మన కలెక్టరు మాట ఆడ చెల్లదు. చెల్లదంటే ఏంది? పరదేశమే. రైలెక్కితే పాణ్యం, ఆడినుంచి బస్సు. నడుమ సముద్రం లేదు."

మామకు మజ్జిగ గొంతుకు అడ్డం పడి, భుజాలు అదురుతుండగా పెరట్లోకి పరిగెత్తాడు. పాపం, పొలమారిందనుకున్నాం.

మార్కాపురం స్టేషన్లో రైలెక్కిన మా ముగ్గురిలో ఎవరికీ అది చిన్న ప్రయాణం అనిపించలేదు. నాయన అట్లాసు తెచ్చుకున్నాడు. నేను పట్టుచీర కట్టుకున్నాను (పరదేశంవాళ్ళ ముందు మన మర్యాద నిలబడాలి గదా). అవ్వ, పరదేశంలో నీళ్ళు ముట్టనని, పెద్ద మరచెంబు నిండా మా బావి నీళ్ళు బిగించి తెచ్చింది. దానితో పాటు ఒక కొబ్బరికాయ. మా వైపు ఊరి పొలిమేర దాటి దూరం పోయేవాళ్ళు పొలిమేర దేవతకు కాయ కొట్టి పోవడం ఆచారం. ఊరి పొలిమేరకే కొట్టేటప్పుడు దేశం పొలిమేరకు కొట్టకపోతే ఎట్లాగని అవ్వ వాదన. నల్లమల సొరంగంలో రైలు దూరినప్పుడు అందరూ చేతులు జోడిస్తే, అవ్వ మాత్రం రెండు చేతులతో కాయను పట్టుకుని కూర్చుంది.

పాణ్యంలో బస్సెక్కుతూనే అవ్వ డ్రైవరుకు చెప్పింది. "నాయనా, దేశం మారే చోట కొంచెం ఆపు. కాయ కొట్టాల."

డ్రైవరు సాయిబు స్టీరింగు మీద చేయి పెట్టి వెనక్కి తిరిగాడు. "యాడ మారుతాదో నాకు తెల్దవ్వా. నేను పొద్దున పోతా, మాపుకు వస్తా. నాకెప్పుడూ మారినట్టు కనపడలా."

"వేపచెట్టు కాణ్ణుంచి మా నవాబుగారిది అవ్వా. ఆడ కొట్టు," అన్నాడు వెనక సీటులోని తలపాగా పెద్దాయన. బనగానపల్లె రైతట.

ఒళ్ళో గొర్రెపిల్లను పెట్టుకున్న పాణ్యం ఆసామి ఒకాయన వెంటనే అందుకున్నాడు. "వేపచెట్టు మీదెట్లయితాది? మా నాయన ఆ చెట్టు కిందనే గొర్రెలు మేపినాడు. వంక దాటినాకనే మీది."

"మీ నాయన గొర్రెలు మేపని చోటేది? మా చేన్లో గూడా మేపినాడు."

"చేను ఎండబెట్టుకుంటే గొర్రె దూరక ఏనుగు దూరుతాదా?"

బస్సంతా నవ్వింది. కానీ ఆ ఇద్దరూ నవ్వలేదు. వేపచెట్టు వచ్చింది, బస్సు ఆగింది, తగాదా ఆగలేదు. ఎక్కినవాళ్ళలో సగం మంది చెట్టు వైపు, సగం మంది వంక వైపు చీలిపోయారు. కాయ తప్పు చోట కొడితే దేవత ఊరుకుంటుందా అని ఒకామె భయం పెట్టింది. నాయన అట్లాసు తెరిచి, బనగానపల్లె ఉండవలసిన చోట వేలు పెట్టాడు. ఆ వేలి కింద నవాబుగారి రాజ్యం, వేపచెట్టు, వంక, సగం నంద్యాల తాలూకా మునిగిపోయాయి.

"సామీ, ఆ బుక్కులో బస్సు పోదు," అన్నాడు డ్రైవరు.

అప్పుడు అవ్వ బస్సు దిగింది. "ఇద్దరూ నోరు మూసుకుని నా వెంబడి రండి. చెట్టు కాణ్ణుంచి వంకదాకా కాయ చేతబట్టుకుని నడుస్తా. దేశం పొలిమేర ఈ నడుమనే యాడనో ఉంటాది గదా. ఆ తల్లి యాడుందో ఆమెకు తెల్దా? వంక కాడ కొడతా."

మిట్టమధ్యాహ్నపు ఎండలో మా అవ్వ కొబ్బరికాయ గుండెలకు ఆనించుకుని, చెప్పులు లేని కాళ్ళతో ముందు నడిచింది. కుడివైపు నవాబుగారి రైతు, ఎడమవైపు దొరతనం వారి గొర్రెల ఆసామి. వెనక బస్సు, ఊరేగింపులో దేవుడి బండిలాగా. మొదట్లో ఆ ఇద్దరూ అవ్వ తల మీదుగా వాదించుకున్నారు. కొంచెం దూరం పోయాక వానల మాట వచ్చింది. ఇంకొంచెం పోయాక ఒకాయన పిల్లనిచ్చిన ఊరూ ఇంకొకాయన మేనత్త ఊరూ ఒకటేనని తేలింది. వంక చేరేసరికి "ఏం మామా" అంటే "ఏమల్లుడా" అనుకుంటున్నారు. అవ్వ కాయ కొట్టి ఇద్దరికీ చెరొక చిప్ప ఇచ్చింది. దేశాల మధ్య తగాదాలు ఎట్లా తెగుతాయో తర్వాత ఎన్ని పుస్తకాల్లో చదివానో గానీ, అంత శుభ్రంగా తెగిన తగాదా మరొకటి నాకు కనపడలేదు.

ఒక నష్టం మాత్రం జరిగింది. మనిషి వెనక మెల్లగా పాకి పాకి బస్సు ఇంజను మరిగి బుసలు కొట్టింది. డ్రైవరు నీళ్ళు అడిగితే, నాయన ముందూ వెనకా చూడకుండా మరచెంబు మర విప్పి ఇచ్చేశాడు. మా బావి నీళ్ళన్నీ బస్సు తాగింది. అవ్వ బస్సెక్కి చెంబు కదిలించి చూసి, నాయన వంక చూసింది. నాయన అట్లాసు వంక చూశాడు.

బనగానపల్లెలో దిగేసరికి అవ్వ నాలుక పిడచకట్టుకుపోయింది. నీడగా ఉందని ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాం. లోపలినుంచి ముసలి బీబీ ఒకామె తొంగిచూసి, "ఎండకు వచ్చినట్లున్నారు, నీళ్ళు తెప్పించేదా అక్కా?" అంది.

"వద్దు చెల్లెలా. పరదేశపు నీళ్ళు తాగనని అనుకుని వచ్చినా," అంది అవ్వ, ఉన్నదున్నట్టు.

బీబీ విస్తుపోయి, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "పరదేశమా? మా కోడలిది కంభం."

అవ్వ పుట్టిల్లు కంభం. కోడలు వచ్చి తలుపు చాటున నిలబడింది. ఏ వీధి, ఎవరి పిల్ల, చెరువు నిండిందా అని అవ్వ దప్పిక మరిచిపోయి అడుగుతూ పోయింది. అంతలో బీబీ ఒక గంప మామిడిపండ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. "నీళ్ళకు దేశం ఉంటే ఉండనీ. చెట్టున పండినదానికి ఏం మైల అక్కా? తిను." అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, తిన్నది. నాకు తెలిసి ఆమె ఇంటి బయట ఏదైనా తినడం అదే మొదలు.

పండు తింటూ ఉండగా బీబీ నన్ను పైనుంచి కిందికి చూసి, నేను భయపడుతున్న ప్రశ్నే వేసింది. "పిల్ల ఎదిగింది గదా. పెండ్లి చెయ్యలేదా ఇంకా?"

నా నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది. ఈ ప్రశ్న మా పెదనాయనలు వేస్తే అవ్వ నిట్టూర్చేది. ఈసారి అవ్వ మూతి తుడుచుకుని, మా వంశంలో తరతరాలుగా నడుస్తున్న ఆచారం చెప్పినంత నింపాదిగా చెప్పింది. "చేస్తాం. ముందు బి.ఏ. ప్యాసు కావాల గదా. దేశాల సంగతులు చదువుతాది. మా ఇండ్లల్లో ఆడపిల్లకు చదువు తీరినాకనే పెండ్లి."

నాయన చేతిలోని రసం మోచేతిదాకా కారింది. తుడుచుకోవడం ఆయనకు తోచలేదు.

ఇంటికి వచ్చాక చిన్నాయనలు గిద్దలూరు మాట ఎత్తితే అవ్వ ఒక్కటే అనేది. "పరదేశంలో మాట ఇచ్చి వచ్చినా. తప్పితే మన దేశానికే మాట."

ఇంత జరిగాక మామకు మనసు ఆగలేదు. సెలవులు ముగిసి బయలుదేరే ముందు అవ్వ కాళ్ళకు మొక్కి, "అత్తా, ఆ పరదేశం షరతు నేను ఆటకు అన్నాను. అట్లాంటిదేం లేదు," అని చెప్పేశాడు. గుమ్మం పక్కన నిలబడి విన్న నేను, ఇక గిద్దలూరే అనుకున్నాను.

అవ్వ వత్తి చేయడం ఆపలేదు. "నువ్వు పెరట్లోకి పరిగెత్తినప్పుడే తెలుసురా. మజ్జిగ అడ్డం పడినోడు నవ్వుకుంటా దగ్గడు."

"మరి పోయినావేంది అత్తా, ఆ ఎండల్లో?"

"పిల్లను చదివిస్తానని నా అంతట నేను అంటే వీళ్ళు ఊరుకుంటారా? షరతు తీర్చినామంటే నోరెత్తరు. మావాడు నమ్మినాడు, నమ్మినోణ్ణి చెడగొట్టేదెందుకు? అదిగాక," అని గొంతు తగ్గించింది, "నేనెప్పుడు బస్సెక్కాల?"

కర్నూలు పోయి పరీక్ష రాశాను. యూరపులో ఏవో రెండు రాజ్యాల సరిహద్దు తగాదా మీద ప్రశ్న వచ్చింది. సంధి చేయించిన మంత్రి పేరు ఎంతకీ గుర్తుకు రాక, ఆయన రెండు వైపులవారినీ వెంటబెట్టుకుని నడిచాడని రాయబోయి ఆపుకున్నాను. అయినా ప్యాసయ్యాను. పెళ్ళి ఆ తర్వాత జరిగింది, గిద్దలూరులో కాదు. అది వేరే కథ, అందులో నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు, దేవుడి దయవల్ల.

ఇప్పుడు నవాబులూ లేరు, దొరలూ లేరు. మద్రాసు వేరే రాష్ట్రమైంది. నేను కుర్చీలోంచి లేవకుండానే మా ఊరు ఒక జిల్లాలోంచి ఇంకొక జిల్లాలోకి పోయింది. ఆ వేసవంతా పక్కింటి అమ్మలక్కల దగ్గర "మేం పరదేశం పోయినప్పుడు" అని మొదలుపెట్టి మాట్లాడిన పట్టుచీర పిల్ల అప్పుడప్పుడు గుర్తుకొస్తుంది. దాన్ని చూసి నవ్వాలనిపిస్తుంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాను.

చదివినవారిని నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా పుస్తకం ముందు కూర్చుని ఉన్నప్పుడు, ఆమెను ఏదో పనికి పిలవబోయే ముందు, అక్షరం ముక్క రాని మా అవ్వను ఒక్కసారి తలచుకోండి. ఆమె పేరు చెన్నమ్మ.